పొద్దున్న బ్యాచ్‌కి మాత్రమే పట్టేసే మిషన్

"కీలు పట్టేస్తున్నాయండి, ఒకసారి వచ్చి చూసి వెళ్ళండి."

ఇలాంటి ఫోన్లు ఒకప్పుడు నాకు రోజుకి రెండు మూడు వచ్చేవి. ఇప్పుడు నెలకి రెండు మూడు వస్తే గొప్ప. టైప్ మిషన్ రిపేరులో ఇంతకంటే మామూలు కంప్లయింటు లేదు. డాక్టరు దగ్గరికి జలుబుతో వెళ్ళడం లాంటిది. అయినా ఈ ఒక్క కేసు రాసి పెట్టుకోవాలనిపించింది. మొదటి రోజు నేను మిషన్ బాగుచేసి, డబ్బులు జేబులో పెట్టుకుని వచ్చేశాక, మర్నాడు అది అంతకుముందు కంటే అధ్వాన్నంగా తయారైంది. ముప్ఫై ఏళ్ళ పైగా ఇదే పని చేస్తున్నవాడికి అలాంటి ఫోను వస్తే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఊరి పేరు, ఇన్‌స్టిట్యూట్ పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. మిషన్ కంపెనీ పేరు కూడా వదిలేస్తున్నాను. తప్పు కంపెనీది కాదు.

ఇన్‌స్టిట్యూట్, మిషన్

గోదావరి జిల్లాల్లో ఒక చిన్న టౌను. మేడ మీద రెండు గదులు, పదకొండు మిషన్లు. ఎనిమిది ఇంగ్లీషువి, మూడు తెలుగువి. నడిపే మాస్టారికి డెబ్భై దగ్గర పడ్డాయి. పొద్దున్న ఆరింటికి మొదటి బ్యాచ్, రాత్రి ఎనిమిదింటికి చివరి బ్యాచ్.

ఈ రోజుల్లో టైపు ఎవరు నేర్చుకుంటున్నారని నన్ను చాలామంది అడుగుతారు. సాంకేతిక విద్యా శిక్షణ మండలి లోయర్, హయ్యర్ పరీక్షలు ఇంకా పెడుతోంది. కోర్టుల్లో టైపిస్టు, స్టెనో ఉద్యోగాలకి ఆ సర్టిఫికెట్టు అడుగుతారు. పరీక్షకి మిషన్ కూడా పిల్లలే తెచ్చుకోవాలి. పరీక్ష రోజున ఇన్‌స్టిట్యూట్ నుంచి సెంటరుకి మిషన్లు ఆటోల్లో, పిల్లల ఒళ్ళో కూర్చుని వెళ్తాయి.

లోయర్ అంటే నిమిషానికి 30 మాటలు, హయ్యర్ అంటే 45. మాటకి ఐదు స్ట్రోకుల లెక్కన లోయర్‌కి నిమిషానికి 150 స్ట్రోకులు, హయ్యర్‌కి 225. అంటే హయ్యర్ రాసే పిల్ల ఒక అక్షరం కొట్టిన పావు సెకను తర్వాత ఇంకోటి కొడుతుంది. ఆలోపు మొదటి టైప్‌బార్, అంటే కొసన అక్షరం ఉన్న సన్నటి కడ్డీ, కాగితం చుట్టుకునే రోలర్ దగ్గర నుంచి వెనక్కి వచ్చి దారి ఇవ్వాలి. ఇంట్లో దరఖాస్తు కొట్టుకునేవాడికి కీ కొంచెం నెమ్మదిగా దిగినా ఏమీ కాదు. ఈ పిల్లలకి మాత్రం ఆ కొంచెమే మార్కులు పోవడానికి చాలు.

ఇంకో సంగతి. గోద్రెజ్ వాళ్ళు 1955లో మన దేశంలో మొదలుపెట్టిన టైప్‌రైటర్ల తయారీ 2009 ప్రాంతంలో ఆగిపోయింది. ఇప్పుడు ఏ మిషన్‌కైనా సామాను కావాలంటే చచ్చిపోయిన ఇంకో మిషన్ నుంచి తియ్యాలి. మా ఇంటి వెనక గదిలో అలాంటి అస్థిపంజరాలు ఆరు ఉన్నాయి. అందుకని ఒక్క టైప్‌బార్ విరగ్గొట్టడానికైనా వెనకాడతాను. ఈ కేసులో నేను తీసుకున్న నిర్ణయాలు కొన్ని పిరికిగా అనిపిస్తే కారణం అదే.

వచ్చిన కంప్లయింటు

డిసెంబరు మూడో వారం. పరీక్షకి పన్నెండు రోజులుంది. మాస్టారు ఫోన్ చేశారు.

"ఐదో నంబరు మిషన్ బాగా స్ట్రక్ అయిపోతోందయ్యా. దాని మీద ప్రాక్టీసు చేసిన అమ్మాయి హయ్యర్‌కి వెళ్తోంది. ఇంకో మిషన్ ఇస్తానంటే ఏడుస్తోంది, అలవాటు తప్పిపోతుందని."

"ఏమైనా చేశారా మాస్టారూ?" అని అడిగాను. ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతాను. నా దగ్గరికి వచ్చే మిషన్లలో సగం అసలు జబ్బు కంటే సొంత వైద్యంతోనే ఎక్కువ పాడైనవి.

"కుట్టుమిషన్ నూనె వేశాం. ఒకరోజు బాగుంది. మళ్ళీ మొదలు. తర్వాత కిరసనాయిలు పోసి కడిగాం. రెండు రోజులు బాగుంది."

ఆ తర్వాత ఆయన ఇంకో మాట అన్నారు. "పొద్దున్న బ్యాచ్‌లోనే ఈ గోలంతా. సాయంత్రం వాళ్ళు అదే మిషన్ మీద బ్రహ్మాండంగా కొడుతున్నారు. పొద్దున్న వాళ్ళకి ఇంకా చెయ్యి తిరగలేదు లెండి."

ఈ కేసు మొత్తం ఆ మాటలోనే ఉంది. నేను విన్నాను, "అలాగే లెండి" అన్నాను, ఫోన్ పెట్టేశాను.

మొదటి రోజు చేసింది

మర్నాడు పదకొండు దాటాక చేరాను. ఎండ బాగా ఎక్కింది. మేడ మీద గది కాబట్టి లోపల వెచ్చగా ఉంది. ఐదో నంబరు మీద కూర్చుని వరసగా అన్ని కీలూ కొట్టాను. నిజం చెప్పాలంటే పెద్దగా ఏమీ కనబడలేదు. ఎఫ్, జీ రెండు మాత్రం అప్పుడప్పుడు రోలర్ దగ్గరే నిలబడిపోతున్నాయి, వేలితో లాగితేగానీ రావడం లేదు. మిగతావి కొంచెం బరువుగా ఉన్నాయి అంతే.

సెగ్మెంట్ చూశాను. మిషన్ మధ్యలో అర్ధచంద్రాకారంలో ఉండే ఇనుప ముక్క అది. దానికి నలభై పైచిలుకు సన్నటి గాట్లు ఉంటాయి, ఒక్కో గాటులో ఒక్కో టైప్‌బార్ కాలు ఉంటుంది. అన్నిటినీ కలుపుతూ ఒకే ఒక వంపు తీగ వెళ్తుంది. బార్లన్నీ ఆ తీగ మీదే తిరుగుతాయి. గాటుకీ బారుకీ మధ్య సందు చాలా తక్కువ. అక్కడ నూనె వెయ్యకూడదు. ఈ మాట ఎన్ని ఇన్‌స్టిట్యూట్లలో చెప్పానో లెక్కలేదు. నూనె వేసిన రోజు మిషన్ వెన్నలా నడుస్తుంది. తర్వాత ఆ నూనె దుమ్మునీ, కాగితం నూగునీ, రబ్బరుతో చెరిపిన పొట్టునీ పట్టుకుని జిగురైపోతుంది.

గాట్లలో నల్లటి జిగురు కనబడింది. కుట్టుమిషన్ నూనె, దాని మీద కిరసనాయిలు అని అప్పటికే విన్నాను. కేసు తేలిపోయిందనుకున్నాను. వైట్ పెట్రోల్ తీసి, బ్రష్షుతో సెగ్మెంట్ మీద ధారాళంగా పోసి, కీలన్నీ టకటకా ఆడించాను. నల్లటి నీళ్ళు కారాయి. ఇంకొంచెం పోశాను. పది నిమిషాల్లో ఆరింది. కొట్టి చూస్తే పక్షుల్లా లేస్తున్నాయి, పక్షుల్లా దిగుతున్నాయి. ఎఫ్, జీ కూడా ఆ కాసేపు మొరాయించలేదు. నాలుగొందలు తీసుకుని భోజనానికి వెళ్ళిపోయాను.

మర్నాడు పొద్దున్న ఆరున్నరకి ఫోను. "ఏమయ్యా, నిన్నటిదాకా ఆరేడు కీలు పట్టేసేవి. ఇవాళ సగం కీబోర్డు పట్టేసింది."

ఎక్కడ తప్పాను

ఫోన్ పెట్టేసి ఆలోచిస్తే రెండు తప్పులు కనబడ్డాయి. మొదటిది పనితనం తప్పు. మిషన్‌ని నిలువుగా, మామూలుగా టేబుల్ మీద ఉంచి పెట్రోల్ పోశాను. గాట్లలో కరిగిన మురికి బయటికి రావడానికి దారి లేదు. అది కిందికే కారింది. సెగ్మెంట్ కింద కీ లివర్ల నుంచి బార్లకి వెళ్ళే లింకులుంటాయి, ప్రతి కీ కొట్టినప్పుడు క్యారేజీని, అంటే రోలర్‌ని మోసే పై భాగాన్ని, ఒక అక్షరం మేర కదిలించే పట్టీ ఉంటుంది. ఆ మురికంతా వెళ్ళి వాటి మీద కూర్చుంది. పెట్రోల్ ఎగిరిపోయింది, జిగురు మిగిలింది. శుభ్రం చేశాననుకున్నాను, నిజానికి మురికిని ఒక అంతస్తు కిందికి దింపాను.

రెండోది ఇంకా సిగ్గుపడాల్సింది. పదకొండింటికి వెళ్ళి, పదకొండింటికి ఉన్న మిషన్‌ని చూసి వచ్చాను. కంప్లయింటు ఆరింటిది.

దాంతో ఆ సాయంత్రం తిరిగి వెళ్ళలేదు. మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నర బస్సు ఎక్కాను. చెవులకి మఫ్లరు చుట్టుకుని, ఆరు కొట్టేసరికి మేడ మెట్ల మీద ఉన్నాను.

ఆరింటికి కనబడింది

హయ్యర్ అమ్మాయి అప్పటికే మొదలుపెట్టింది. నేను పక్కన స్టూలు మీద కూర్చుని, కాగితం మీద పడే అక్షరాలు వదిలేసి బార్లనే చూశాను. పైకి మామూలుగానే వెళ్తున్నాయి. రావడమే, ముసలాయన మెట్లు దిగినట్టు ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వస్తున్నాయి. వెనక నుంచి వచ్చే బార్ దీన్ని గుద్దుకుంటోంది. అమ్మాయి రెండిటినీ పట్టుకుని విడదీస్తోంది, మళ్ళీ కొడుతోంది.

"సార్, ఇది ఎనిమిదిన్నర దాటితే బాగుంటుందండి. ఎండ కిటికీలోకి వచ్చాక," అంది. మాస్టారికి ఈ మాట చెప్పావా అని అడిగితే, "చెప్పానండి, బద్ధకం వదిలించుకోమన్నారండి," అంది.

ఈసారి సీసా మూత తియ్యలేదు. ఒక కాగితం మీద కీబోర్డు గీసుకున్నాను. కీలు కొట్టకుండా, ఒక్కో టైప్‌బార్‌ని వేలిగోరుతో సగం ఎత్తు లేపి వదిలాను. ఆరోగ్యంగా ఉన్న బార్ 'టక్' మని తన చోట పడాలి. తర్వాత అదే కీని నెమ్మదిగా, రోలర్ తాకేదాకా నొక్కి వదిలాను. ఎక్కడ ఆగుతోందో రాసుకున్నాను.

ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి. 'కీ పట్టేస్తోంది' అని అందరూ ఒకే మాట అంటారు గానీ అందులో మూడు వేరే జబ్బులుంటాయి. కీ నొక్కితే అసలు కదలకపోవడం ఒకటి: కీ లివరు పక్కకి వంగి పక్కదానికి రాసుకోవచ్చు, కింద ఏదైనా అడ్డు పడొచ్చు, గుండుసూదులు దొరికిన సందర్భాలు బోలెడు. పైకి వెళ్ళి, దారి పొడుగునా నెమ్మదిగా దిగడం రెండోది: ఇది గాటులో జిగురు, లేదా స్ప్రింగు నీరసం. పైకి వెళ్ళి సరిగ్గా రోలర్ దగ్గరే నిలబడిపోవడం మూడోది: ఇది జిగురు కాదు. రోలర్ ముందు ఒక చిన్న చీలిక ఉంటుంది, టైప్ గైడ్ అంటాం. ప్రతి అక్షరం దాని మధ్య నుంచే దూరి కాగితాన్ని కొట్టాలి. బార్ ఒక వెంట్రుకవాసి వంగినా ఆ చీలిక గోడకి ఒరుసుకుని ఇరుక్కుంటుంది. దాన్ని ఎన్ని సీసాల పెట్రోల్‌తో కడిగినా లాభం లేదు.

నా కాగితం మీద లెక్క ఇలా వచ్చింది: పంతొమ్మిది కీలు నెమ్మదిగా దిగుతున్నాయి. ఎఫ్, జీ రెండు మాత్రం రోలర్ దగ్గర నిలబడుతున్నాయి. అర అని ఉండే భిన్నం కీ ఒకటి వేరేగా ఉంది, దాని స్ప్రింగు సాగిపోయింది. మిగతావి బాగానే ఉన్నాయి. మొదటి రోజు నేను ఈ మూడిటినీ ఒకే జబ్బుగా చూసి ఒకే మందు పోశాను.

నూనె కథ

పొద్దున్న పట్టేసి, ఎండెక్కాక వదిలేసే జిగురేమిటి? ఏ నూనైనా చలికి కొంచెం చిక్కబడుతుంది. కానీ మన గోదావరి చలి ఎంతని? కుట్టుమిషన్ నూనె ఇంత తేడా చూపించదు.

ఫోన్ లైటు వేసి, గుండుసూదితో ఒక గాటు అడుగున గీరాను. సూది మొనకి తెల్లటి మైనం లాంటిది అంటుకుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాస్తే రెండు క్షణాల్లో కరిగిపోయింది. వాసన చూశాను. పైన కిరసనాయిలు కంపు, అడుగున కొబ్బరి.

చలికాలం పొద్దున్న తలకి రాసుకోవాలంటే కొబ్బరినూనె సీసాని మన ఇళ్ళల్లో ఎండలో పెట్టడమో, వేణ్ణీళ్ళ చెంబులో ముంచడమో తెలియని వాళ్ళుండరు. 24 డిగ్రీల దగ్గర అది గడ్డకట్టడం మొదలవుతుంది. డిసెంబరు తెల్లవారుజామున ఈ గది అంతకంటే చల్లగా ఉంటుంది, పదకొండింటికి వెచ్చగా ఉంటుంది. అంతే కథ. పొద్దున్న బ్యాచ్ పిల్లల చేతుల తప్పేమీ లేదు.

కొబ్బరినూనె మిషన్‌లోకి ఎలా వచ్చిందని అడిగితే మాస్టారు ముందు గట్టిగా కాదన్నారు. ఇన్‌స్టిట్యూట్ తాళాలు తీసే సీనియర్ కుర్రాడు మాత్రం తల దించుకున్నాడు. దసరాకి ఆయుధపూజ చేశారు. అన్ని మిషన్లకీ బొట్టు పెట్టి, అమ్మవారి పటం ముందున్న ఐదో నంబరుకి మాత్రం అన్నిటి తరఫునా పూర్తి పూజ చేశారు. మిషన్‌కి నూనె వెయ్యడం శుభమని ఎవరో అన్నారట. మిషన్ నూనె సీసా ఖాళీ. దీపారాధనకి తెచ్చిన కొబ్బరినూనె పక్కనే ఉంది.

"రెండు చెంచాలే వేశానండి," అన్నాడు.

అక్టోబరులో అది నూనెలాగే ఉంది, ఎవరికీ ఏమీ తెలియలేదు. కార్తీకం దాటి చలి పడేసరికి బయటపడింది. తర్వాత పోసిన కిరసనాయిలు దాన్ని కాస్త పలచన చేసి, ఇంకొన్ని గాట్లకి పంచి, తను ఎగిరిపోయింది. అందుకే రెండు రోజుల సుఖం.

ఏం చెయ్యాలన్న లెక్క

మాస్టారి మొదటి ఆలోచన: "రోజూ పొద్దున్న ఎండలో పెడదామా?" ఆరింటికి ఎండెక్కడిదని అడిగాను. బల్బు వెలుతురులో పెట్టి వేడి చెయ్యొచ్చు, హెయిర్ డ్రయ్యరు పెట్టొచ్చు. పనిచేస్తాయి కూడా. కానీ పరీక్ష సెంటరులో ఏ గది దొరుకుతుందో, ఏ కిటికీ పక్కన కూర్చోబెడతారో ఎవరికి తెలుసు? నూనె లోపల ఉన్నంతకాలం చలి వచ్చినప్పుడల్లా జబ్బు తిరగబెడుతుంది.

థిన్నరు వాడితే మురికి ఇట్టే పోతుంది. దాంతోపాటు మిషన్ రంగు, కీల ప్లాస్టిక్ తొడుగులు కూడా పోతాయి. వద్దనుకున్నాను.

అసలు పద్ధతి ప్రకారం అయితే ఆ వంపు తీగని లాగేసి, బార్లన్నీ ఊడదీసి, ఒక్కోటీ తుడిచి మళ్ళీ ఎక్కించాలి. రెండు రోజుల పని. తీగ మళ్ళీ దూర్చేటప్పుడు ఒక్క బార్ వంకరైనా పరీక్షకి ముందు అమరిక మొత్తం చెడుతుంది. ఆ మోడల్ బార్లు నా వెనక గదిలో రెండు మూడే ఉన్నాయి. పరీక్ష పది రోజుల్లో పెట్టుకుని ఆ సాహసం చెయ్యదలుచుకోలేదు. పరీక్ష లేకపోతే చేసేవాణ్ణేమో.

అందుకని మళ్ళీ పెట్రోలే, కానీ పద్ధతి మార్చి. క్యారేజీని ఒక పక్కకి తోసి, రోలర్ రబ్బరుకి పెట్రోల్ తగలకుండా ప్లాస్టిక్ కవరు చుట్టాను. రిబ్బన్ తీసేశాను. మిషన్‌ని వెనక్కి, వీపు మీద పడుకోబెట్టాను. సెగ్మెంట్ కింద పాత పంచె ముక్క కుక్కాను. కిటికీలన్నీ తెరిచి, దేవుడి దీపం ఆర్పించాను. ఈసారి పొయ్యలేదు. చిన్న బ్రష్షు ముంచి, విదిలించి, ఒక్కో గాటుకీ రాసి, ఆ బార్‌ని పది పన్నెండు సార్లు ఆడించి, ఆరకముందే గుడ్డ పీలికతో తుడిచాను. ఇందులో కిటుకు ఇదే: పెట్రోల్ మురికిని కరిగిస్తుంది గానీ బయటికి తీసుకుపోదు. తియ్యాల్సింది గుడ్డ. మొదటి రోజు నేను కరిగించి వదిలేశాను.

మొదటి విడతలో గుడ్డకి నలుపు వచ్చింది. రెండో విడతలో ఎర్రగా వచ్చింది. వేలు కోసుకుందేమోనని చూసుకున్నాను. తర్వాత అర్థమైంది, కుంకుమ. పూజలో రాలింది నూనెలో కలిసి ముద్దయి కూర్చుంది. మూడో విడతకి గుడ్డ తెల్లగా వచ్చింది. తర్వాత అడుగు భాగం: మొన్న నేను కిందికి దింపిన మురికంతా లింకుల మీద, క్యారేజీని కదిలించే పట్టీ మీద ఉంది, దాన్నీ అలాగే తుడిచాను. చివర సైకిల్ పంపుతో గాలి కొట్టాను. మొత్తం మూడు గంటలు పట్టింది.

ఆరాక సెగ్మెంట్‌లో చుక్క నూనె వెయ్యలేదు. క్యారేజీ పరిగెత్తే పట్టాల మీద మాత్రం, అదీ సూది మొనతో ఒక్కో చుక్క.

ఎఫ్, జీ

మళ్ళీ లెక్క చూస్తే పంతొమ్మిదీ దారికొచ్చాయి. ఎఫ్, జీ రెండూ రావు, అనుకున్నట్టే. భూతద్దం పెట్టి చూస్తే ఎఫ్ బార్ తల దగ్గర ఒక పక్క మాత్రమే తళతళలాడే గీత ఉంది. రోజూ గైడ్ గోడకి ఒరుసుకున్న గుర్తు. జీకి రెండో పక్కన.

ఈ రెండే ఎందుకు వంగాయి? టైపు నేర్చుకున్న ప్రతివాడూ మొదటి వారం కొట్టేది ఏఎస్‌డీఎఫ్‌జీఎఫ్. ఎడమ చూపుడువేలు ఎఫ్ మీద నుంచి జీకి వెళ్ళి, వెంటనే ఎఫ్‌కి తిరిగి రావాలి. చెయ్యి తిరగనివాడు జీ దిగకముందే ఎఫ్ కొడతాడు. రెండూ గైడ్ దగ్గర ఢీకొంటాయి. అప్పుడు పైన ఉన్నదాన్ని నెమ్మదిగా వెనక్కి వదలాలి. పిల్లలు రెండిటినీ పట్టుకుని చెరో పక్కకీ లాగుతారు. ఇన్నేళ్ళుగా ఎంతమంది లాగారో.

వంగిన బార్‌ని సరిచెయ్యడం చేతి లెక్క తప్ప కొలత లెక్క కాదు. అక్షరం ఉన్న తలని పట్టుకోకూడదు. అది బార్‌కి టంకం వేసి అతికించిన ముక్క, ఊడి వస్తుంది. మెడ దగ్గర, మొన సన్నగా ఉన్న ప్లయరుతో పట్టుకుని, వంచుతున్నానా లేదా అన్నంత మెల్లగా ఒత్తాలి. ఎఫ్ మొదటి ఒత్తుకి లొంగలేదు. రెండో ఒత్తు ఎక్కువైంది. బార్ ఇప్పుడు అవతలి గోడకి తగలడం మొదలైంది, అక్షరం కాగితం మీద పక్కకి జరిగి పడుతోంది. ఆ క్షణంలో చెమట పట్టింది, ఇంకో ఎఫ్ బార్ నా దగ్గర లేదు. టీ తెప్పించుకుని తాగి, మళ్ళీ కూర్చున్నాను.

సరిచూడ్డానికి నేను రెండు ఎన్‌ల మధ్య ఎఫ్ కొట్టి చూస్తాను: ఎన్, ఎఫ్, ఎన్, ఎఫ్, ఎన్. ఎడమ ఎన్‌కీ కుడి ఎన్‌కీ సమాన దూరంలో పడిందా, ఒక పక్క మసకగా పడిందా అని. నాలుగుసార్లు వెనక్కీ ముందుకీ వెళ్ళాక సర్దుకుంది. జీ రెండుసార్లకే వచ్చింది. తర్వాత కుర్రాడి చేత అరపేజీ ఏఎస్‌డీఎఫ్‌జీఎఫ్ కొట్టించాను. ఒక్కసారి కూడా ఆగలేదు.

అర కీ స్ప్రింగు అలాగే వదిలేశాను. దాన్ని మార్చాలంటే పక్క మూడు లివర్లని కదపాలి. హయ్యర్ అమ్మాయికి చెప్పాను, ఆ కీ కొట్టాక ఒక్క క్షణం ఆగమని. మాస్టారికి నచ్చలేదు. "బిల్లు తీసుకోవట్లేదని పని సగంలో వదిలేస్తున్నావా?" అన్నారు. పరీక్ష అయ్యాక వచ్చి వేస్తానన్నాను.

నిజంగా తగ్గిందా

పదకొండింటికి బాగా నడిచిన మిషన్‌ని చూసి మొదటిసారి మోసపోయాను కాబట్టి ఈసారి ఎండెక్కాక నడిచిందన్న మాట నమ్మలేదు. ఆ రాత్రి మిషన్‌ని కిటికీ పక్కన, తలుపు తెరిచి ఉంచమన్నాను. మూడు రోజులపాటు పొద్దున్న ఆరింటికి, మొదటి కాగితం ఎక్కించకముందే, అమ్మాయి ఒక్కో బార్ లేపి వదిలి నాకు ఫోన్ చెయ్యాలి. మొదటి రోజు అన్నీ టక్‌మన్నాయంది. రెండో రోజు ఒక్కటి, 'క్యూ', కొంచెం నెమ్మదంది. ఆ ఒక్క గాటునీ బ్రష్షుతో ఎలా తుడవాలో ఫోన్‌లోనే చెప్పాను. మూడో రోజు ఏమీ లేదు. పరీక్షకి ముందు రోజు నేనే ఫోన్ చేస్తే, టెన్షన్‌గా ఉంది గానీ మిషన్ గురించి కాదండి అంది.

ఆ తర్వాత నా అలవాట్లు కొన్ని మారాయి. ఫోన్లో 'పట్టేస్తోంది' అని ఎవరన్నా అంటే, ఏ టైములో అని అడుగుతాను. పైకెళ్ళి ఆగుతోందా, దిగేటప్పుడు ఆగుతోందా అని అడుగుతాను. వీలైతే బార్ కదులుతుండగా వీడియో పంపమంటాను. సీసా మూత తీసే ముందు కాగితం మీద కీబోర్డు గీసుకుంటాను. ఆ ఇన్‌స్టిట్యూట్లో ఇప్పుడు చెరిపేటప్పుడు క్యారేజీని పక్కకి తోసి చెరపడం నేర్పుతున్నారు, పొట్టు సెగ్మెంట్‌లో పడకుండా. పాతకాలం మాస్టర్లు మొదటి రోజే చెప్పే పాఠం అది, మధ్యలో ఎక్కడో జారిపోయింది.

ఈ ఏడు దసరాకి రెండు రోజుల ముందు మాస్టారు ఫోన్ చేశారు. అర కీ స్ప్రింగు సంగతి గుర్తు చేస్తారేమో అనుకున్నాను.

"ఏమయ్యా, ఐదో నంబరుకి పూజ చెయ్యొచ్చా, వద్దా?"

"చెయ్యండి మాస్టారూ. బొట్టు మూత మీద పెట్టించండి. నూనె దీపంలో పోయించండి."

"ఆ మాత్రం నాకూ తెలుసులే," అని పెట్టేశారు.